చిన్నమామ్మ కుండ నిండలేదు

మొన్న మా కోడలు కొత్తగా కరెంటు కుక్కర్ కొన్నది. దానితో పాటు ఒక ప్లాస్టిక్ కప్పు కూడా ఇచ్చారట, మనిషికి ఒక కప్పు బియ్యం, దానికి తగ్గట్టు లోపల గీతల దాకా నీళ్ళు, మీట నొక్కి మన పని మనం చూసుకోవచ్చునట. నందిగామలో మేముంటున్న ఈ ఇంట్లో వంటింటి పెత్తనం నాది పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆవేళ కోడలికి ఒంట్లో బాగోక నేనే కప్పుతో కొలిచి బియ్యం పోశాను. పోసిన మరుక్షణం నా చెయ్యి దానంతటదే అందులోకి వెళ్ళి పిడికెడు బియ్యం తీసి బయటికి వచ్చింది. వచ్చిందే గానీ, ఆ పిడికెడు ఎక్కడ వెయ్యాలో తెలియక వంటింటి మధ్యలో అలాగే నిలబడిపోయాను. కోడలు గది గుమ్మంలోంచి చూసి, "ఏంటత్తయ్యా, పురుగులేమన్నా ఉన్నాయా?" అని అడిగింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి.

మా కాలంలో, మా క్రైస్తవుల ఇళ్ళల్లో పుట్టి పెరిగినవారికి ఆ పిడికెడు సంగతి చెప్పనక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా తీసుకెళ్ళి చర్చిలో బుట్టలో ఒంపేవాళ్ళు. గంజి తాగి బతికే ఇంటి బియ్యమూ, రెండు కార్లు పండించే ఇంటి బియ్యమూ, సన్నవీ, లావువీ, నూకలూ అన్నీ ఆ బుట్టలో ఒకటైపోయేవి. ఆ బియ్యంతో వండిన అన్నం ఎప్పుడూ సగం పలుకుగా, సగం ముద్దగా ఉండేది. దాన్ని రుచిగా వండడం తెలిసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె మా చిన్నమామ్మ. ఆమెది మన దేశం కాదు.

మాది వత్సవాయి దగ్గర పల్లె. మా తాతయ్య తమ్ముడు, అంటే మా చిన్నతాతయ్య, కుర్రతనంలోనే ఎవరో పట్టుకెళితే ఇంగ్లండు వెళ్ళి అక్కడొక ఆసుపత్రిలో పనిలో చేరాడు. అదే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది ఆమె. ఆమె ఊరు ఇంగ్లండు కూడా కాదు. జమైకా అని సముద్రం మధ్య ఎక్కడో ఒక ద్వీపం. ఒక పరాయి ఊరి నుంచి వచ్చిన అబ్బాయీ, ఇంకో పరాయి ఊరి నుంచి వచ్చిన అమ్మాయీ మూడో పరాయి ఊళ్ళో ఒకే చర్చికి వెళుతూ వెళుతూ పెళ్ళి చేసుకున్నారు. మా ముత్తాత మంచాన పడ్డాడని ఉత్తరం వస్తే చిన్నతాతయ్య ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

అప్పుడు నాకు నాలుగేళ్ళు. నాకు గుర్తున్నదెంతో, ఇంట్లో వాళ్ళు చెప్పుకోగా విన్నదెంతో ఇప్పుడు విడదీయలేను. తమ్ముడు దొరసానిని పెళ్ళి చేసుకుని వస్తున్నాడని తాతయ్య అందరికీ చెప్పడంతో, పేట పేటంతా బస్సు దగ్గరికి వెళ్ళిందట. దొరసాని అంటే తెల్లగా పాలిపోయినట్టు ఉంటుందని మావాళ్ళ లెక్క. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సులోంచి చిన్నతాతయ్య దిగాడు, ఆ వెనకాల మా పేటలో ఎవరికన్నా నల్లగా, ఎవరికన్నా పొడుగ్గా, చేతిలో టోపీతో ఒకామె దిగింది. జనమంతా ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బస్సు కదిలే దాకా చూస్తూ నిలబడ్డారట. ఈ ముచ్చట తర్వాత్తర్వాత చిన్నమామ్మే చెప్పి పడీపడీ నవ్వేది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మా నాయనమ్మ మొహం ముడుచుకుని, హారతికని తెచ్చిన పళ్ళెం కొంగు కింద దాచేసిందని మా అమ్మ చెప్పింది.

నాయనమ్మా ఆమే తోటికోడళ్ళు. ఒకే చూరు కింద, ఒకే పొయ్యి. ఒకరి మాట ఒకరికి రాదు. నెల రోజులు సైగలతో గడిచాక, ఒక మధ్యాహ్నం నాయనమ్మ పెరట్లో ఆముదం వండుతోంది. ఆముదపు గింజలు వేయించి, దంచి, నీళ్ళల్లో కాచి పైకి తేలిన నూనె తీయడం మా మెట్ట ఊళ్ళల్లో ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆ మాడు వాసనకు మేము ముక్కులు మూసుకుంటుంటే, చిన్నమామ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ముందు చతికిలబడి గోలుగోలున ఏడ్చింది. వాళ్ళ ద్వీపంలో వాళ్ళ అమ్మ కూడా సరిగ్గా ఇలాగే, ఇదే నల్లటి ఆముదం వండి పిల్లల తలలకు పట్టించేదట. చిన్నతాతయ్య ఆ మాట తెలుగులో చెప్పాక నాయనమ్మ గరిటె కింద పెట్టి, తోటికోడలిని తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, ఏ దువ్వెనకూ లొంగని ఆ ఉంగరాల జుట్టుకు చేత్తోనే ఆముదం రాసింది. ఆ రోజు నుంచి ఆమెకు తెలుగు నేర్పే పని కూడా నాయనమ్మే తీసుకుంది. దానివల్ల వచ్చిన చిక్కేమిటంటే చిన్నమామ్మకు మర్యాద మాటల కన్నా ముందు తిట్లు వచ్చాయి.

ఆమె చర్చిలో పాడుతుంటే మా వాళ్ళకు మొదట్లో ఏంచెయ్యాలో తోచేది కాదు. మా ఆడవాళ్ళు ముసుగులో మూతి దాచుకుని సన్నగా పాడేవాళ్ళు. ఆమె లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, చప్పట్లు కొడుతూ, ఒళ్ళంతా ఊపుతూ పాడేది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, పెద్దమనిషి గనక ఏమీ అనలేదు. రెండు క్రిస్మస్‌లు గడిచేసరికి ఆడవాళ్ళంతా లేచి నిలబడి పాడడం మొదలుపెట్టారు. దేవుడికి వినబడదనా అంత గట్టిగా అని ఎవరో మగాయన దెప్పితే, దేవుడికి వినబడుతుంది, వెనక కునికే మీకు వినబడాలని చిన్నమామ్మ అన్నదట.

కాన్పులు ఆమే చేసేది. అరగంటలో వస్తానని వెళ్ళి రెండు రోజులకు వచ్చేది. ఊళ్ళో పెద్ద రైతుల ఇళ్ళ నుంచి కూడా ఆమెకోసం బండి కట్టి పంపేవాళ్ళు. మా పేటవాళ్ళను అరుగు దాటనివ్వని ఇళ్ళే అవి. మొదటిసారి అలా ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, సాయానికి వెళ్ళిన నాయనమ్మను బయటే ఉండమన్నారట. చిన్నమామ్మ గడప మీదే ఆగి, "మా అక్క రాందే నేనెట్టా వస్తా? ఇద్దరం ఒకింటి కోడళ్ళమే గదండీ," అన్నదట. లోపల కోడలు నొప్పులతో అరుస్తోంది. ఇద్దరినీ లోపలికి పిలిచారు. ఆ ఇంటి వంటింట్లో మంచినీళ్ళు తాగిన సంగతి నాయనమ్మ చనిపోయే దాకా చెప్పుకుంది.

ఇంత చేసినా నాయనమ్మ నోరు ఊరుకునేది కాదు. ముఖ్యంగా ఆ పిడికెడు బియ్యం దగ్గర. చిన్నమామ్మవి పెద్ద చేతులు. ఆమె పిడికెడంటే మా ఇళ్ళల్లో రెండు పిడికెళ్ళు. ఆమె దేవుడి డబ్బాలో బియ్యం వేసినప్పుడల్లా నాయనమ్మ గుండె పట్టుకుని, "నీ పిడికిలి పెద్దదే తల్లీ, నువ్వేస్తే మేం పస్తులుండాల," అనేది. చిన్నమామ్మ ఇంకో నాలుగు గింజలు కలిపి వేసి నవ్వేది.

ఆమె వచ్చిన ఆరేళ్ళకు చిన్నతాతయ్య పోయాడు. పొలం నుంచి వచ్చి గుండెలో నొప్పి అని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. చిన్నమామ్మ ఏడవలేదు. తెల్లచీర కట్టుకుని, పాట కూడా ఆమే ఎత్తుకుని పాడింది. కొన్ని వారాలకు వాళ్ళ అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ పెద్దదైపోయింది, నిన్నే తలుచుకుంటోంది, ఓడకు టిక్కెట్టు నేను చూసుకుంటాను, వచ్చెయ్యి అని. తాతయ్య ఆ ఉత్తరం విని, పాపం అయినవాళ్ళ దగ్గరికి వెళ్ళడమే న్యాయమన్నాడు. పేటలో పెద్దలూ అదే అన్నారు. వాళ్ళు మంచి మనసుతోనే అన్నారు, ఆ మాట నేను ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం వాళ్ళంతా నాకు శత్రువుల్లా కనబడ్డారు.

చిన్నమామ్మ సరేనన్నది. కుమ్మరి దగ్గర ఒక కొత్త కుండ కొని చిన్నతాతయ్య ఫోటో కింద మూలన పెట్టింది. చర్చి డబ్బా వేరు, ఈ కుండ వేరు. పూటపూటకూ తన పిడికెడు ఇందులో వేస్తానని, కుండ నిండిన రోజున ఆ బియ్యంతో ఆయన పేరున పేటంతటికీ భోజనం పెట్టి బయల్దేరతానని తాతయ్యతో చెప్పింది. ఆ చేతులతో వేస్తే క్రిస్మస్ నాటికి నిండుతుందని మా అమ్మ లెక్క కట్టింది.

నాకు పదేళ్ళు. నా జడలు వేసేది ఆమె, నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆమె, రాత్రి భయమేస్తే నేను దూరేది ఆమె పక్కలోకి. ఆ కుండ నిండితే ఆమె వెళ్ళిపోతుంది. కాబట్టి కుండ నిండకూడదు. ఇంతకన్నా నా బుర్రకు వేరే ఉపాయం తట్టలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే అందరూ పనుల్లోకి వెళ్ళాక, బడికి బయల్దేరే ముందు కుండలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి పెరట్లో కోళ్ళకు చల్లేదాన్ని. దేవుడి పేరున తీసిన బియ్యం దొంగిలించడం ఎంత పాపమో ఆదివారపు బడిలో చెప్పారు. నాకు చేతులు పడిపోతాయని భయం వేసేది. బళ్ళో పలక మీద రాస్తూ మధ్యమధ్యలో వేళ్ళు ఆడుతున్నాయో లేదో చూసుకునేదాన్ని. అయినా మానలేదు.

కొన్నాళ్ళకు నాకొక అనుమానం వచ్చింది. నా పిడికిలి ఎంత, ఆమె పిడికిలి ఎంత? నేను ఒక్కసారి తీస్తుంటే ఆమె రెండు పూటలా వేస్తోంది. ఎంత తీసినా కుండ మెల్లగానైనా పెరగాలి. కానీ అది పెరగడం లేదు, ఒక్కోరోజు తగ్గుతోంది కూడా. ఎలకలంటారేమో, మూత మీద బండరాయి ఉంది. దేవుడే నా పక్షాన చేరాడని నేను నమ్మేశాను. అలా నమ్మి ఎంత ధైర్యంగా ఉన్నానో! ఒకరోజు బడి మధ్యాహ్నానికే వదిలేస్తే ఇంటికి వచ్చి చూద్దును గదా, కుండ ముందు నాయనమ్మ గొంతుక్కూర్చుని ఉంది. కొంగు పరుచుకుని, రెండు చేతులా బియ్యం తోడుకుంటోంది. నన్ను చూసి బిక్కచచ్చిపోయింది. నేనూ గుమ్మంలో అలాగే బిగుసుకుపోయాను. నాయనమ్మే ముందు తేరుకుని, కొంగు ముడివేసుకుంటూ, "నువ్వేం చూళ్ళేదు. నేనూ పొద్దున పూట ఏం చూళ్ళేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

అంటే నా దొంగతనం ఆమెకు ముందే తెలుసు. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కాని భోజనాల దగ్గర ఆమె నా కంచంలో ఒక ముక్క ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టింది.

బయటపడడం మాత్రం కోడి వల్ల బయటపడింది. క్రిస్మస్ ఇంకా రెండు వారాలుందనగా, అయ్యగారిని భోజనానికి పిలిచారు. కోడిని కోసి శుభ్రం చేస్తున్నది చిన్నమామ్మ. మెడ కింద మేత సంచి కోసేసరికి అందులోంచి గుప్పెడు బియ్యం బొలబొలా రాలాయి. తవుడూ, పురుగులూ తిని బతికే మా కోళ్ళకు తెల్లబియ్యం ఎవరు పెడతారు? ఆమె ఆ గింజలు అరచేతిలో పోసుకుని ఫోటో దగ్గరికి వెళ్ళి, బండ తీసి, కుండలోకి చూసింది. తర్వాత వంటింటి వైపు చూసింది. అక్కడ నేనూ నాయనమ్మా ఒకరి వెనక ఒకరం దాక్కుంటున్నాము.

నేను బావురుమన్నాను. నాయనమ్మ మాత్రం తగ్గలేదు. లోపలికి వెళ్ళి, తన చీరల పెట్టె అడుగు నుంచి పాతచీర మూట ఒకటి ఈడ్చుకొచ్చి ముందు పడేసింది. మూటనిండా బియ్యం. "దేవుడి గింజలు తినేటంత పాపిష్టిదాన్నేం కాదు. అన్నీ ఉన్నయ్, చూసుకో. నీ పిడికిలి పెద్దది గదా, తొరగా నిండుతదని తీశా," అన్నది. అని, అంతసేపూ బింకంగా ఉన్న మనిషి కొంగు నోట్లో కుక్కుకున్నది.

చిన్నమామ్మ ముందు నవ్వింది. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, ఆ కోడి మట్టిలో పడిపోయినా చూసుకోకుండా నవ్వింది. నవ్వు నవ్వుగానే ఏడుపులోకి మారింది. భర్త పోయిన రోజున రాని ఏడుపంతా ఆ రోజు వచ్చింది. పక్కిళ్ళవాళ్ళు ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు. నాయనమ్మ అందరినీ చేత్తోనే వెళ్ళమని సైగ చేసి, తోటికోడలి తల ఒళ్ళో పెట్టుకుని జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ కూర్చుంది. ఆవేళ అయ్యగారికి మేము పెట్టింది పప్పూ పచ్చడే.

సాయంత్రం తాతయ్య అరుగు మీద కూర్చుని ఉంటే చిన్నమామ్మ కాగితం, కలం పట్టుకుని వచ్చి, "మా అన్నయ్యకి రాస్తున్నా బావగారూ. మా ఇంట్లో ఇద్దరు దొంగలున్నారు, వాళ్ళని దార్లో పెట్టి వస్తానని," అన్నది. మమ్మల్ని దారిలో పెట్టడానికి ఆమెకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆ క్రిస్మస్‌కే భోజనం పెట్టింది. నాయనమ్మ మూట ఒంపితే కుండ నిండి పొర్లింది. మా బియ్యమే కాక పేటలో ప్రతి ఇంటివాళ్ళూ తలా పిడికెడు తెచ్చి కలిపారు. ఆ రకరకాల బియ్యాన్నీ, నానబెట్టిన బొబ్బర్లనూ కొబ్బరిపాలల్లో కలిపి, వాళ్ళ ద్వీపంలో ఆదివారాలు వండే పద్ధతిలో వండింది. ఏది పలుకో ఏది ముద్దో ఎవరికీ తెలియలేదు. నేను పెట్టిన బియ్యం తిన్నందుకు మా కోళ్ళన్నీ కూరలో తేలాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. రెండేళ్ళ తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది, వాళ్ళ అమ్మ పోయిందని. చిన్నమామ్మ ఉత్తరం మడిచి పెట్టుకుని, పెరట్లో ఆముదం వండడం మొదలుపెట్టింది. ఒక్కతే రోజంతా పొయ్యి ముందు కూర్చుంది. నేను పన్నెండేళ్ళదాన్ని, అప్పటికి అర్థం కావలసింది అర్థమైంది. ఒక తల్లి కూతుర్ని చూసుకోకుండా పోవడంలో నా పిడికిలి ఉంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. టీచరు ఉద్యోగం వచ్చి జగ్గయ్యపేట వెళ్ళినా, పెళ్ళయి నందిగామ వచ్చినా అది నాతోనే వచ్చింది. వాళ్ళ అమ్మ మాట ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

చిన్నమామ్మ ఆఖరి రోజుల్లో నేను సెలవు పెట్టి వెళ్ళి దగ్గరున్నాను. అప్పటికి నాయనమ్మ పోయి చాలా కాలమైంది, చిన్నమామ్మ ఒళ్ళోనే పోయింది. ఒక ఉదయం ఆమె తలకు ఆముదం రాస్తూ, ధైర్యం తెచ్చుకుని అడిగేశాను. ఆ రోజుల్లో నేను బియ్యం తీయకపోతే నువ్వు మీ అమ్మను చూసుకునేదానివి గదా, నన్ను క్షమించమని. ఆమె కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. "పిచ్చితల్లీ, వేసేదాన్ని నేను. ఎంత వేస్తున్నానో, ఎంత ఉంటందో నాకు తెలవదా? మొదటి వారమే తెలిసింది," అన్నది. ఊపిరి తీసుకుని, "తెలిసి కూడా మూతకి తాళం వెయ్యలా. ఎవరన్నా తీస్తే బాగుండని రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని," అన్నది.

దాదాపు నలభై ఏళ్ళు మోసిన బరువును ఆమె రెండు మాటలతో దించేసింది. తర్వాత నాలుగు రోజులే ఉంది. సమాధి దగ్గర పేటవాళ్ళూ, ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడిన పెద్ద రైతుల బిడ్డలూ వరసగా వచ్చి తలా పిడికెడు మట్టి వేశారు. నా వంతు వచ్చినప్పుడు ఒక్క పిడికిలితో నాకు సరిపోలేదు. రెండు చేతులా తీసుకుని వేశాను, ఆమె కొలతకు.

ఇప్పుడు మా చర్చిలో బియ్యపు బుట్ట లేదు. మేము వేసే కానుకలు కవర్లలోనూ, ఫోన్లలోనూ వెళ్ళిపోతున్నాయి. అది తప్పని అనను, కాలం అలా ఉంది. నాకు లోటుగా ఉన్నది వేరు. ఇవాళ ఇంట్లోంచి గానీ, ఊళ్ళోంచి గానీ, మన మధ్య నుంచి గానీ ఎవరైనా వెళ్ళిపోతుంటే మనం ఆ సంగతి వెళ్ళిపోయాకే తెలుసుకుంటున్నాము. ఫలానా రోజుకు నిండుతుందని ఒక కుండ మన కళ్ళెదుట ఉండడం లేదు. ఉంటే ఎవరో ఒకరం చెయ్యి పెట్టి ఉందుము గదా, అలా ఎవరైనా పెడితే బాగుండునని వాళ్ళు కూడా ఎదురుచూసి ఉందురు గదా అనిపిస్తుంది.

కోడలికి పురుగులేం లేవమ్మా అని చెప్పి పడుకోమన్నాను. పిడికిట్లో బియ్యం తిరిగి కుక్కర్లో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. మేడ మీదికి వెళ్ళి పిట్టగోడ మీద పోసి వచ్చాను. మధ్యాహ్నం బట్టలు తీయడానికి వెళితే అక్కడ ఒక్క గింజ లేదు. ఎవరు తీశారో, నేనేం చూడలేదు.